చాప కింద వెలుగు

శనివారం పొద్దున్న సలఫాయి వంటింటి కిటికీ తెర జరిపేసరికి, ప్రహరీ బయట గడ్డి మీద ఎవరో చాప కప్పుకుని కూర్చుని ఉన్నారు. మొహం కనపడలేదు. కనపడనక్కర్లేదు కూడా. ఆమె ఇంటి ముందు తల దాచుకుని కూర్చోవలసినవాడు ఈ పుకెరిమా ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు.

"వచ్చావురా ఫెలేతీ," అంది కిటికీ అద్దంతో. "కూర్చో. తీరిగ్గా కూర్చో."

పొయ్యి మీద కోకో పొంగి గిన్నె అంచు దాటింది. ఆమె పట్టించుకోలేదు. అమ్మను పూడ్చినప్పటినుంచి ఆమెకి అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. వీడి తల వంగడం ఒక్కసారి కళ్ళారా చూడాలని మాత్రం అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు చూసింది. చూసినా చల్లారలేదు.

మాడు వాసనకి తవిత మావయ్య లేచి వచ్చాడు. పోయినావిడకి తమ్ముడు, ఇప్పుడు కుటుంబానికి పెద్ద. లుంగీ బిగించుకుంటూ కిటికీ దగ్గర నిలబడి, కళ్ళు చిట్లించి చూశాడు.

"ఇఫోగాకి వచ్చాడే, క్షమాపణ చెప్పుకోడానికి."

"కనపడుతూనే ఉందిగా."

"సన్నచాప కప్పుకునే వచ్చాడు, పద్ధతి ప్రకారం. దానిమీద ఇంకోటేమిటి, పడక చాపలా ఉంది?"

"మంచుకి తడవకుండా."

"సిగ్గుకి రెయిన్‌కోటా," అన్నాడు మావయ్య. నవ్వొచ్చింది కానీ మింగేశాడు. "సరేలే, వచ్చాడు కదా. మొహం కడుక్కుని రా. వెళ్ళి చాప ఎత్తుదాం."

"నేను రాను."

"సలఫా."

"అమ్మ అక్కడ ఎంతసేపుందో వాణ్ణీ అంతసేపు ఉండనీండి మావయ్యా."

ఫెలేతి ఎవడో పరాయివాడైతే ఇంత మంట ఉండేది కాదు. సమోవాలో రెండు కుటుంబాలదీ ఒకటే ఊరు. న్యూజిలాండ్‌లో దిగిన కొత్తల్లో వాడూ వాడి అమ్మానాన్నలూ తలదాచుకున్నది ఈ ఇంట్లోనే. సలఫాయి తల్లి లుసియా కొబ్బరిపాలలో చేమాకు వండి పెడితే గిన్నె అడుగు దాకా నాకి పెరిగినవాడు. వాడి తండ్రి పోయినప్పుడు లుసియా తన పెట్టెలోకెల్లా మంచి సన్నచాపను, ఏళ్ళ తరబడి కూర్చుని అల్లినదాన్ని, తీసుకెళ్ళి వాళ్ళకిచ్చింది. "అంత మంచిది ఎందుకక్కా, ఇంకోటి ఇవ్వచ్చుగా" అని మావయ్య గొణిగితే, "పిల్లాడు తండ్రి లేనివాడయ్యాడురా" అంది.

ఆ పిల్లాడు చదువుకున్నాడు, కౌన్సిల్లో చేరాడు. ఊరంతా స్తంభాలు పాతించాడు, కెమెరాలు బిగించాడు, నీళ్ళ మీటర్లకీ చెత్తడబ్బాలకీ కూడా మాటలు నేర్పించాడు. ఆ మొత్తానికి పెద్ద ఆఫీసరై కూర్చున్నాడు. జనం దాన్ని సిస్టమ్ అంటారు. ఎక్కడ దీపం ఆరిందో, ఎక్కడ పైపు పగిలిందో, ఎవరి కారు ఎక్కడ ఆగిందో, అంతా దానికి తెలుసు. అది మనిషిలా మొహం చూసి పని చెయ్యదు, దానికి మనవాడూ పరాయివాడూ లేడు అని ఫెలేతి సభల్లో చెప్పేవాడు. పేపర్లో ఫొటో వేశారు. చర్చిలో చప్పట్లు కొట్టారు. లుసియా కూడా కొట్టింది, కుడిచేతి వేలు వంకరగా ఉన్నా.

ఆవిడ పోయింది. సమోవావాళ్ళ ఇంట్లో చావంటే మాటలా? సమోవాలోని ఆపియా నుంచీ సిడ్నీ నుంచీ చుట్టాలు దిగారు. శవపెట్టె చుట్టూ చాపలు పరుచుకుని అక్కడే తిన్నారు, అక్కడే పాడారు, అక్కడే పడుకున్నారు. పూడ్చేదాకా మనిషిని ఒంటరిగా వదలకూడదు. నీళ్ళు ధారగా పోయాయి. చెత్తడబ్బాలు పొంగిపోయాయి. వీధి పొడుగునా కార్లు నిలిచాయి. సిస్టమ్ ఇవన్నీ చూసుకుని ఒక నిర్ణయానికొచ్చింది: ఈ ఇంట్లో అనుమతి లేకుండా లాడ్జి నడుపుతున్నారు, నిప్పంటుకుంటే ప్రమాదం, తనిఖీ అయ్యేవరకు ఖాళీ చేయించాలి.

మర్నాడు పూడుస్తారనగా ఆ సాయంత్రం కౌన్సిల్ మనుషులు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. సలఫాయి ఫెలేతికి ఫోన్ చేసింది.

"తమ్ముడూ, అమ్మ ఇంకా ఇంట్లోనే ఉందిరా. పొద్దున్నదాకా ఆగమని చెప్పు. నీకు తెలియందేముంది."

"అక్కా, ఆర్డర్ సిస్టమ్‌లోంచి వచ్చేసింది. వచ్చాక ఎవరూ చెయ్యి పెట్టలేరు."

"నువ్వు కూడానా?"

"నేను కూడా. ఆపే మీటే లేదక్కా. ఉంటే నొక్కనా?"

ఆ మాట నమ్మింది సలఫాయి, కానీ అలాంటి సిస్టమ్‌ని తెచ్చిపెట్టింది వాడేనని మరవలేదు. తాళం పడిన ఇంట్లో తల్లిని వదలలేక, మగవాళ్ళు పెట్టెను మోసుకొచ్చి ప్రహరీ బయట గడ్డి మీద దించారు. వాన పట్టుకుంది. పైన నీలం టార్పాలిన్ నాలుగు మూలలా పట్టుకుని తెల్లారేదాకా పాడుతూ నిలబడ్డారు. ఒక మూల మావయ్యది. ముసలాయన చెయ్యి ఆ రాత్రినుంచి పైకి లేవదు. ఆ చెయ్యి చూసినప్పుడల్లా సలఫాయి ఒళ్ళు మండిపోతుంది.

ఇక ఎల్లుండి, సోమవారం, ఆ రాత్రి జరిగినదాని మీద కౌన్సిల్ సభ్యుల ముందు విచారణ. అక్కడ మొదటి మాట సలఫాయిదే. ఆమె నోరు విప్పితే ఫెలేతి ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాలి. రాజధానిలో వాడికోసం ఇంకా పెద్ద కుర్చీ వేసి ఉంచారట, దానికీనూ.

"చాప ఎత్తామంటే క్షమించినట్టే, ఇక ఆ సంగతి మాట్లాడకూడదు," అన్నాడు మావయ్య, మాడిన గిన్నె దించుతూ. "సోమవారమూ మాట్లాడకూడదు, ఎప్పుడూ మాట్లాడకూడదు. అది మర్యాద."

"అది తెలిసే శనివారం వచ్చాడు. మంగళవారం రావచ్చుగా?"

"వాడి లోపల ఏముందో మనకెందుకు. బయట కూర్చున్నాడు, అంతే. ఎత్తకపోతే మాట పడేది మనం. ఫలానా ఇంటివాళ్ళు గడప ముందుకొచ్చినవాణ్ణి ఎండబెట్టారని సిడ్నీ దాకా చెప్పుకుంటారు."

"చెప్పుకోనీండి."

"ఎదురింటివాళ్ళు అప్పుడే తెరలు తీశారు చూడు. నీ పంతం కోసం నా తల తీసేస్తావా?"

మావయ్య మాట కాదనడం ఆమెకి అలవాటు లేదు. పంతం పట్టినా ఎంతసేపు పట్టగలదు? ఇంకాసేపటికి ఈయన గట్టిగా ఒక్క మాటంటే వెళ్ళి ఎత్తాల్సిందేనని ఆమెకి తెలుసు. ఎత్తాక, ఆ మంటని జీవితాంతం నోరు మూసుకుని మోయాలనీ తెలుసు. కోపం ముంచుకొచ్చింది.

అప్పుడు బల్ల మీద ఫోన్ మోగింది. చూసింది. కౌన్సిల్ నుంచి సందేశం.

'మీ ఇంటి ముందు ఎవరో చెత్త పారేసినట్టు కెమెరాలో కనపడింది. రకం: పాత తివాచీ. బండి బయలుదేరింది. ఇది చెత్త కాకపోతే ఇక్కడ నొక్కండి.'

కింద ఫొటో. స్తంభం మీదినుంచి తీసింది. పడక చాప కింద ముడుచుకున్న ఫెలేతి, పై నుంచి చూస్తే నిజంగానే ఎవరో చుట్టబెట్టి పారేసిన తివాచీలా ఉన్నాడు. కాళ్ళు లోపలికి మడుచుకున్నాడు, తల వంచేశాడు, ఇంక మనిషని దానికెలా తెలుస్తుంది? దానికి మనవాడూ పరాయివాడూ లేడు కదా.

సలఫాయి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు.

"ఏమిటే ఆ చప్పుడు?" అన్నాడు మావయ్య.

"బీపీ మాత్ర వేసుకోమని గుర్తుచేస్తోంది."

"వేసుకో మరి."

"వేసుకుంటా. తొందరేముంది."

ఆకుపచ్చ మీట తెర మీద మెరుస్తోంది. ఒక్క వేలు ఆనిస్తే చాలు, బండి వెనక్కి పోతుంది. ఆమె ఫోన్‌ని బోర్లా పెట్టేసింది. ఆ బండికి ఇనప పంజా ఉంటుంది. సోఫాల్నీ ఫ్రిజ్‌లనీ అమాంతం పట్టి ఎత్తి లోపల పడేస్తుంది, అక్కడ నలిగిపోతాయి. ఆ సంగతి ఆమెకి తెలియక కాదు. తెలిసే బోర్లా పెట్టింది. తన గుండె ఇంత రాయి అయిందా అని తనకే భయం వేసింది, అయినా చెయ్యి అటు పోలేదు. సిస్టమ్ నిర్ణయం, ఎవరూ చెయ్యి పెట్టలేరు. ఇదే మాట వాడు ఎంత మెత్తగా చెప్పాడని.

సందు మలుపులో బండి చప్పుడు వినపడింది. నారింజ దీపం తిప్పుకుంటూ వచ్చి సరిగ్గా ఇంటి ముందు ఆగింది. పంజా మడత విప్పుకుని పైకి లేచింది. మావయ్యకి అప్పటికి అర్థమైంది.

"ఒసేయ్, అది వాడి మీదకే దిగుతోందే. అక్కడ మనిషున్నాడని చెప్పరా ఎవరైనా." ముసలాయన చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం వైపు పరిగెత్తాడు. సలఫాయి బల్ల మీది ఫోన్ లాక్కుంది, ఆమె కాళ్ళు కూడా, ఆమె చెప్పకుండానే, ఆయన వెనకే పరిగెత్తాయి. ఎంత పగైనా నెత్తురు చూడటం ఆమె వల్ల కాదని గుమ్మం దాటాకే ఆమెకి తెలిసింది. బండివాడికి సైగ చెయ్యడానికి చెయ్యెత్తింది.

అక్కర్లేకపోయింది. చాప కింద నీలంగా ఒక వెలుగు వెలిగింది. అల్లిక సందుల్లోంచి సన్నగా, ఒక్క క్షణం. ఆరిపోయింది. గాల్లో పంజా టక్కున ఆగింది.

బండి కిటికీలోంచి హెమి తల బయటపెట్టాడు. ఈ వీధిలో చెత్త ఎత్తేది ఎప్పుడూ అతనే. "గుడ్ మార్నింగ్ ఆంటీ. ఈ చాపలు తీసేయక్కర్లేదట. ఆఫీసులో ఎవరో పెద్దాయన ఇప్పుడే ఆపేశాడు."

చాప దగ్గింది.

హెమి మొహం పాలిపోయింది. "ఆంటీ. అందులో..."

"ఉన్నాడు," అంది సలఫాయి. "నువ్వన్న పెద్దాయనే."

హెమి పంజాను మడిచి, బండి ఇంజను కట్టేసి, సీట్లోనే కూలబడ్డాడు. సలఫాయి చేతిలో ఫోన్ మళ్ళీ మోగింది. గడ్డి అంచున నిలబడి చదువుకుంది. ఒకసారి చదివింది. మావయ్య వైపు తిరిగి తెర చూపించింది. కళ్ళద్దాలు లేవని ఆయన తల ఊపాడు.

అడుగుల చప్పుడు దగ్గరికి రావడం చాప కింద ఫెలేతికి వినపడింది. వాళ్ళు ఎత్తడానికే వచ్చారనుకున్నాడు. గొంతు సవరించుకుని, పెద్దలు నేర్పిన క్షమాపణ మాటలు మొదలుపెట్టాడు. "నా తల మీ పాదాల దగ్గర పెట్టాను. కాలిస్తే కాలతాను, నరికితే..."

"ఆగరా," అంది సలఫాయి. "మావయ్యకి కళ్ళద్దాలు లేవు, చదివి వినిపించాలి. 'బండి వెనక్కి పంపబడింది. ఆపిన అధికారి...' ఆ తర్వాత నీ పేరుంది. ఇంటిపేరుతో సహా."

చాప ఇంకాస్త ముడుచుకుంది.

"ఆ రోజు ఆపే మీట లేదన్నావు."

"అక్కా."

"ఉంటే నొక్కనా అన్నావు. నేను నమ్మాను. దేవుడి మీద కోపగించుకున్నాను, ఆ యంత్రం మీద కోపగించుకున్నాను, వాన మీద కోపగించుకున్నాను. అమ్మ నీళ్ళల్లో నానుతుంటే నీ దగ్గర మీట ఉంది."

"ఆ మీట నొక్కితే పేరు పడుతుందక్కా." చాప కింద నుంచి గొంతు చిన్నగా వచ్చింది. "ఆఫీసంతా చూస్తుంది. సమోవావాడు సమోవావాళ్ళ కోసం చెయ్యి పెట్టాడంటారు. ఒక్కసారి ఆ మాట పడితే నన్నెవరు నమ్ముతారు? నా పనంతా పోయేది."

"ఇప్పుడూ పడిందిగా పేరు."

లుసియా కోసం కదలని వేలు, తన వీపు మీదికి ఇనప పంజా వస్తోందనేసరికి కదిలింది. ఆ సంగతి ఇప్పుడు మావయ్యకీ తెలిసింది, హెమికీ తెలిసింది, కంచెల దగ్గరకొచ్చి నిలబడ్డ ఇరుగుపొరుగుకీ తెలిసింది.

మావయ్య మెల్లగా అడిగాడు. "ఫెలేతీ, మా అక్క పెట్టె తడుస్తుంటే మేం పాడిన పాట నీకు వినపడిందా? స్తంభం మీద చెవులు కూడా పెట్టావట కదా."

ఫెలేతి ఏడుస్తున్నాడు. వీపు ఎగిరెగిరిపడుతోంది. ఆ కుదుపుకి పైనున్న పడక చాప జారి గడ్డి మీద పడింది. లోపలి సన్నచాప బయటపడింది.

సలఫాయి మొదట అంచునున్న ఎర్ర ఈకల్ని చూసింది. తర్వాత అల్లిక చూసింది, పట్టులా మెత్తగా వంగే అల్లిక. తర్వాత మూల దగ్గర కూర్చుని వేళ్ళతో తడిమింది. అక్కడ ఒక పోగు బదులు రెండు పోగులు కలిసి నడిచాయి. వంకర వేలు సన్న పోగుని పట్టలేక అమ్మ ప్రతి చాపకీ ఆ మూల అలాగే ముగించేది. "నా మూల చూసి నన్ను గుర్తుపట్టుకోండే" అని నవ్వేది.

అమ్మ చాప. వీడి తండ్రి పోయినప్పుడు పెట్టె అడుగునుంచి తీసి ఇచ్చిన చాప. వీడు ఎంచి మరీ తెచ్చాడు, ఇది చూస్తే సలఫాయి కరిగిపోతుందని. కరిగిపోయే మాట నిజమే. గుండె నీరైంది. మళ్ళీ అమ్మ అదే గడ్డి మీద, అదే మంచులో, వీడి వీపు మీద. అందుకే ఆమెకి ఇంతకుముందెన్నడూ రానంత కోపం వచ్చింది.

ఆమె లేచి రెండు చేతులతో చాప అంచు పట్టుకుంది. వీధి మొత్తం కంచెల మీదికి వంగింది. చాప మెల్లగా పైకి లేచింది. చిందరవందరైన జుట్టు, తడిసిన మొహం, ఒళ్ళో ఫోన్‌తో ఫెలేతి బయటపడ్డాడు. ఎదురింటావిడ గుండె మీద చెయ్యి వేసుకుని, "పోన్లే, క్షమించింది" అంది.

"అక్కా," అన్నాడు ఫెలేతి, చేతులు చాపి. "నువ్వు దేవతవక్కా. నేను చచ్చేదాకా..."

సలఫాయి చాపను మడిచింది. ఈకలు నలగకుండా, అమ్మ మడిచినట్టే మడిచి, రొమ్ముకి హత్తుకుంది.

"నేను నీ చాప ఎత్తలేదు," అంది. "ఇది మా అమ్మది. ఆ రాత్రి ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళలేకపోయాను. ఇప్పుడు తీసుకెళ్తున్నాను. నువ్వు కూర్చో."

"అక్కా, సోమవారం..."

"సోమవారం వస్తాను."

ఆమె తిరిగి చూడకుండా లోపలికి నడిచింది. ముందుగదిలో, పెట్టె ఉంచిన చోటే, చాప పరిచి చుట్టూ సరిచేసింది. మూల దగ్గర చెయ్యి ఆనించి కాసేపు కూర్చుంది. ఇన్నాళ్ళు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

బయట మావయ్య ఇంకా గడ్డి మీదే నిలబడి ఉన్నాడు. చాప ఎత్తమని పొద్దుటినుంచి పోరింది ఆయనే. ఆయన మాట కోసం ఫెలేతి తలెత్తి చూశాడు. ముసలాయన వంగి, కింద పడ్డ పడక చాపను బాగున్న చేత్తో తీసి, వాడి ఒళ్ళో పెట్టాడు.

"నీ రెయిన్‌కోటు," అన్నాడు. "వానొచ్చేలా ఉంది."

లోపలికొచ్చి గేటు గడియ వేశాడు. చెప్పుల్లేని కాళ్ళు గోనె మీద తుడుచుకుని, సన్నచాప పక్కన, అంటకుండా, కూర్చున్నాడు.

"సోమవారం మీటింగు ఎన్నింటికే?"

"పొద్దున్నే. మీరెందుకు మావయ్యా, అంతదూరం?"

"ఈ చెయ్యి చూపించొద్దూ వాళ్ళకి," అన్నాడు ఆయన.